వైరు పీకకండి... నాలుగు బటన్లు నొక్కండి!

చాండ్లర్‌లో వేసవి వచ్చిందంటే పిల్లలు నాలుగ్గోడల మధ్యే. బయట ఎండ నూట పది డిగ్రీలు. ఫారెన్‌హీట్ లెక్క అనుకోండి, మన సెల్సియస్‌లో 43 పైమాటే. రెంటచింతల వాళ్లకీ రామగుండం వాళ్లకీ ఈ అంకె కొత్త కాదు గానీ, 2023లో మా ఫీనిక్స్ ప్రాంతంలో వరసగా 31 రోజులు పగటి వేడి 110కి తగ్గలేదంటే వాళ్లు కూడా అమ్మో అంటారు. పార్కులో ఉయ్యాల గొలుసు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇక పిల్లలేం చేస్తారు? టీవీ ముందు చేరతారు, గేమ్ కంట్రోలర్ పట్టుకుంటారు. సాయంత్రమయ్యేసరికి మనవాళ్ల ఇళ్లన్నిటిలోనూ ఒకటే సంభాషణ.

"ఆపరా ఇక!"

"అయిదు నిమిషాలు డాడీ."

"ఇందాకా అదే అన్నావు. ఇంక చెప్పను, వైరు పీకేస్తా."

చాలా ఇళ్లలో ఇది బెదిరింపుతో ఆగదు, పీకేస్తారు కూడా. తర్వాత ఏడుపు, తలుపు దభాలున వేసుకోవడం, అన్నం మానెయ్యడం. ఇంటి ఇల్లాలికి రాత్రి పది దాకా ఇద్దర్నీ బుజ్జగించే పని.

మేం చెప్పదలచుకున్నది ఒకటే. ఈ వైరు పీకే పద్ధతి మానేద్దాం. పాత గేమ్ మెషిన్లలో కరెంటు తియ్యకుండా, మెషిన్ దగ్గరికి లేచి వెళ్లకుండా, చేతిలో ఉన్న కంట్రోలర్ మీదే నాలుగు బటన్లు ఒకేసారి నొక్కి ఆటని మొదటికి తెచ్చే ఏర్పాటు ఒకటుంది. దాన్ని సాఫ్ట్ రీసెట్ అంటారు. మన పిల్లలకి అది తెలుసు, మనకే తెలీదు. "ఇదో పెద్ద విషయమా, దీన్ని పేపర్లో రాయాలా" అని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనివ్వండి. పెద్ద విషయమే అని మా అభిప్రాయం.

ముందు ఆ బటన్ల సంగతి. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ మీకు గుర్తుండే ఉంటుంది, అరచేతిలో ఇమిడే బూడిదరంగు డబ్బా. దాని మీద పవర్ స్విచ్చి ఉంది గానీ రీసెట్ బటన్ లేదు. అందుకని ఆటలు రాసినవాళ్లు ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్ నాలుగూ కలిపి నొక్కితే ఆట టైటిల్ దగ్గరికి పోయేలా ప్రోగ్రాములోనే రాసుకున్నారు. ఆ నాలుగే ఎందుకంటే, గేమ్‌బాయ్ చిప్పు బటన్లని రెండు గుంపులుగా చదువుతుంది. పైకి, కిందకి, కుడి, ఎడమ ఒక గుంపు. ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్ రెండో గుంపు. నాలుగు బటన్లకి నాలుగు బిట్లు. ఆట సెకనుకి దాదాపు అరవైసార్లు ఈ బిట్లని చూసుకుంటూ ఉంటుంది. ఆ గుంపులో నాలుగూ ఒకేసారి నొక్కి ఉన్నాయా? ఉంటే మొదటికి దూకు. అంతే కథ. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఇది రెండు మూడు వరసల పని. ఆడేవాడు మాత్రం పొరపాటున ఆ నాలుగూ నొక్కడు. రెండు చేతులూ, కొంచెం మనసూ పెడితే తప్ప కుదరదు.

మనలో చాలామందికి బాగా తెలిసిన మూడు బటన్ల రీసెట్ కంట్రోల్, ఆల్ట్, డిలీట్. ఐబీఎం పీసీ తయారవుతున్న రోజుల్లో డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు పెట్టింది అది. మొదట డిలీట్ బదులు ఎస్కేప్ పెట్టారు. అవి మూడూ ఎడమచేతి వైపే ఉన్నాయి, ఒక్క చేత్తో పొరపాటున నొక్కుకుపోయే ప్రమాదం ఉందని తర్వాత డిలీట్‌కి మార్చారు. గేమ్ మెషిన్ల వాళ్ల ఆలోచన కూడా ఇదే. సూపర్ నింటెండోలో చాలా ఆటలకి ఎల్, ఆర్, సెలెక్ట్, స్టార్ట్. సెగా శాటర్న్‌లో ఎ, బి, సి, స్టార్ట్. డ్రీమ్‌కాస్ట్‌లో ఎ, బి, ఎక్స్, వై, స్టార్ట్, అయిదు వేళ్ల వ్యవహారం. గేమ్‌క్యూబ్‌లో బి, ఎక్స్, స్టార్ట్ మూడూ కాసేపు నొక్కిపట్టాలి. మొదటి ప్లేస్టేషన్ మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ ఏడో భాగంలో అయితే పైనున్న నాలుగు ఎల్, ఆర్ బటన్లతో పాటు స్టార్ట్, సెలెక్ట్ కూడా. ఆరు బటన్లు! భరతనాట్యం ముద్ర పట్టినట్టు పట్టాలి. ఇవి ఆటని బట్టి మారతాయి, కొన్ని ఆటల్లో అసలు ఉండవు. మీ ఇంట్లో ఉన్న ఆటకి ఏదో మీ పిల్లాణ్ణే అడగండి, ఠక్కున చెప్తాడు.

ఇప్పుడు మా ఊరి విషయానికొద్దాం. చాండ్లర్‌లో మనవాళ్లు ఎందుకున్నారంటే చిప్పుల కోసం. ఇంటెల్ ఇక్కడికి 1980లో వచ్చింది. ఆకోటియో వైపు వెళ్తే ఆ ఫ్యాక్టరీలు చిన్న పట్నంలా కనిపిస్తాయి. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ లోపల ఉన్నది ఇంటెల్ ప్రాసెసరే. ఇంకోపక్క మైక్రోచిప్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే, చాండ్లర్ బులవార్డ్ మీద. ఈ మైక్రోచిప్ 1987లో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే పాత కంపెనీ చిప్పుల విభాగం నుంచి పుట్టింది. ఆ జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ ఎవరనుకున్నారు? 1976లో ఒక్క చిప్పులో టీవీ టెన్నిస్ ఆటని పెట్టి అమ్మినవాళ్లు. ఎవై-3-8500 అని దాని పేరు. దాన్ని కొని పెట్టెలో బిగించి ఎన్నో కంపెనీలు టీవీ గేములు అమ్మాయి. ఆ చిప్పుకి రీసెట్ కోసమే ఒక కాలు ఉండేది. దాన్ని తాకిస్తే స్కోరు సున్నా అయ్యి ఆట మళ్లీ మొదలయ్యేది.

తర్వాత మాటెల్ వాళ్ల ఇంటెలివిజన్ అనే గేమ్ మెషిన్ వచ్చింది. దాని ప్రాసెసర్ కూడా జనరల్ ఇన్‌స్ట్రుమెంట్‌దే. దాని కంట్రోలర్ మీద టెలిఫోన్‌లా అంకెల బటన్లు ఉండేవి. ఆట మధ్యలో 1, 9 కలిపి నొక్కితే ఆట ఆగి తెర చీకటైపోయేది. 3, 7 కలిపి నొక్కినా అంతే. కీప్యాడ్‌లో ఆ మూలా ఈ మూలా ఉన్న అంకెలవి, పొరపాటున కలిసి నొక్కుకోవు. అమ్మ అన్నానికి పిలిస్తే ఆటని అలా ఆపి వెళ్లి, తిరిగొచ్చి కొనసాగించుకోవచ్చు. నలభై ఏళ్ల నాటి మాట ఇది.

మైక్రోచిప్‌లోనూ, ఇంటెల్‌లోనూ, వాటి చుట్టూ ఉన్న చిన్నాచితకా కంపెనీల్లోనూ పనిచేసే మన తెలుగువాళ్లలో ఎంతమంది రోజూ చేసేది రీసెట్ పనే! కరెంటు ఎక్కిన తొలి క్షణాల్లో చిప్పు లోపల ఏ బిట్ ఎటుందో ఎవడికీ తెలీదు. అందుకని వోల్టేజీ కుదురుకునేదాకా చిప్పుని రీసెట్‌లో పట్టి ఉంచుతారు. కుదురుకున్నాక వదులుతారు, అది ఫలానా చిరునామా నుంచి పని మొదలెడుతుంది. కరెంటు కొద్దిగా పడిపోతే పనిచేసేది బ్రౌన్‌ఔట్ రీసెట్. ప్రోగ్రాము ఎక్కడో ఇరుక్కుపోతే లేపేది వాచ్‌డాగ్ టైమర్, అంటే కాపలా కుక్క. ప్రోగ్రాము వేళకి దాన్ని పలకరించకపోతే అది మొరిగి చిప్పుని మొదటికి తెస్తుంది. పిఐసి 18 చిప్పుల్లో అయితే ప్రోగ్రామే తనంతట తాను రీసెట్ అవ్వడానికి 'రీసెట్' అనే ఆజ్ఞే ఉంది. పగలంతా లాబ్‌లో ఇవన్నీ పరీక్షించి, కరెంటు ఎలా తియ్యాలి, ఎప్పుడు తియ్యకూడదు అని పేజీలకి పేజీలు రిపోర్టులు రాసిన మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి పిల్లాడి మెషిన్ వైరు గోడలోంచి లాగి పారేస్తాడు. చిత్రం కాదూ!

లాగితే ఏమవుతుంది అంటారా? ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి అంతా పోతుంది.

1987లో అమెరికాకొచ్చిన లెజెండ్ ఆఫ్ జెల్డా అనే ఆట చూడండి. బంగారు రంగు కాట్రిడ్జ్. ఆడినంతవరకూ దాచుకోడానికి లోపల నాణెం లాంటి బ్యాటరీ. ఆ ఆటలో ఒక సూచన ఉండేది. ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కిపట్టి, అలాగే ఉంచి, అప్పుడు పవర్ ఆపమని. ఎందుకంటే కరెంటు పోయే ఆఖరి క్షణంలో వోల్టేజీ దిగుతుంటే ప్రాసెసర్‌కి పిచ్చెత్తినట్టవుతుంది. ఎక్కడ పడితే అక్కడ చెత్త రాసేస్తుంది. అది దాచుకున్న ఆట మీద పడితే ఆట గల్లంతు. రీసెట్ నొక్కిపడితే ప్రాసెసర్ చేతులు కట్టేసినట్టే, ఏమీ రాయలేదు. తర్వాతి మెషిన్లలో మెమరీ కార్డులొచ్చాయి. అక్కడ కూడా సేవ్ అవుతుండగా పవర్ తియ్యొద్దని తెర మీద రాసే చెప్తారు. రాసింది మనం చదవం. మనం నిలబడేది టీవీ వెనకాల కదా.

మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెప్తాం. పేర్లొద్దు. ఆయన ఒక చిప్పు కంపెనీలో ఇంజనీరు, హెచ్1బి మీద ఉన్నాడు. భార్య, తొమ్మిదేళ్ల కొడుకు. గ్యారేజ్ సేల్‌లో ఓ పాత గేమ్‌క్యూబ్ కొనిచ్చాడు, దాంతో పాటు యానిమల్ క్రాసింగ్ అనే ఆట. అందులో యుద్ధాలుండవు, కాల్చుకోడాలుండవు. ఓ పల్లెటూరు ఉంటుంది. చెట్లు నాటాలి, చేపలు పట్టాలి, ఇంటి అప్పు తీర్చాలి, ఇరుగుపొరుగు జంతువులకి ఉత్తరాలు రాయాలి. కుర్రాడు ఆ ఊరికి తెనాలి అని పేరు పెట్టాడు. వాళ్ల తాతగారిది తెనాలి. ఏడాది పైగా రోజూ కాసేపు ఆడి ఊరంతా పండ్ల చెట్లు చేశాడు.

ఓ గురువారం ఆయనకి ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగం లేదు. ఇక్కడ 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయిన హెచ్1బి మనిషికి గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఆ సాయంత్రం ఆయన ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పక్కన ఆట సంగీతం. ఆపమన్నాడు. "సేవ్ అవుతోంది డాడీ, ఒక్క నిమిషం" అన్నాడు కుర్రాడు. ఫోన్ చెవికి పెట్టుకునే వెళ్లి వైరు లాగేశాడు. మెమరీ కార్డు పాడైంది. తెనాలి పోయింది.

పిల్లాడు ఏడవలేదట. వాళ్లావిడ మాకు చెప్పింది. "నాన్నకి ఆఫీసులో బాలేదు కదమ్మా" అని వెళ్లి పడుకున్నాడట. ఆయన మాత్రం ఆ రాత్రి రెజ్యూమె పక్కన పడేసి, పాడైన మెమరీ కార్డు బాగుచేసే దారి వెతుకుతూ తెల్లవార్లూ కూర్చున్నాడు. దొరకలేదు. యాభై మూడో రోజున ఇంకో కంపెనీ పిటిషన్ వేసింది. ఉద్యోగం దొరికింది, ఇల్లు మారలేదు, అంతా సర్దుకుంది. ఊరు మాత్రం తిరిగి రాలేదు.

ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. 2024, 2025ల్లో చిప్పు కంపెనీల్లో ఉద్యోగాలు పోయిన మనవాళ్లందరి ఇళ్లలోనూ ఆ సాయంత్రం లాంటి సాయంత్రాలు గడిచాయి. ఇంట్లో ఎవరి మీదో ఒకరి మీద పడుతుంది ఆ కోపం. కాకపోతే ఒక్క నిమిషం ఆగితే సరిపోయేది కదా అని మా బాధ. పిల్లాడు సేవ్ చేసుకుని, తనే ముగించి, పెట్టెని తనే ఆపేవాడు.

అన్నట్టు, ఆ యానిమల్ క్రాసింగ్ ఆటలోనే ఒక తమాషా పాత్ర ఉంది. మిస్టర్ రీసెట్టీ. చుంచులా నేలలో బొరియ తవ్వుకునే జంతువు, తల మీద హెల్మెట్, చేతిలో పలుగు. ఆట సేవ్ చెయ్యకుండా రీసెట్ చేసినా, పవర్ తీసేసినా, మళ్లీ మొదలెట్టగానే ఆయన నేలలోంచి పైకొచ్చి ఆడేవాణ్ణి నిలబెట్టి తిట్టడం మొదలెడతాడు. రెండు మాటలు కాదు, పేజీలకి పేజీలు. మన పాతకాలం లెక్కల మాస్టారు గుర్తొస్తారు. ఎన్నిసార్లు చేస్తే అంత పొడుగు తిట్లు. ఇందులో అన్యాయం చూశారా! వైరు పీకింది తండ్రి, తిట్లు తినేది కొడుకు. ఆ తిట్లకి కొందరు చిన్నపిల్లలు నిజంగానే ఏడ్చారట. అందుకే 2013లో అమెరికాకొచ్చిన న్యూ లీఫ్ అనే భాగంలో ఆయన ఉండాలా వద్దా అన్నది ఆడేవాళ్ల ఇష్టానికే వదిలేశారు. 2020లో న్యూ హొరైజన్స్ వచ్చేసరికి ఆట దానంతటదే సేవ్ అయ్యే పద్ధతి వచ్చింది. ఇక రీసెట్టీకి పనేముంది? ఉద్యోగం ఊడింది. కథ ప్రకారం ఆయన ఇప్పుడు దారి తప్పినవాళ్లకి సాయంచేసే హెల్ప్‌లైన్‌లో కుదురుకున్నాడు. మా చాండ్లర్‌లో ఈ మాట చెప్తే పెద్దవాళ్లు కూడా గట్టిగా నవ్వరు.

"ఇవన్నీ సరే, తప్పు చేసినప్పుడల్లా బటన్ నొక్కి మొదటికి పోవచ్చని పిల్లలకి అలవాటైతే రేపు జీవితంలో ఎలా?" అని అడిగేవాళ్లున్నారు. ఇక్కడి మన తల్లిదండ్రుల్లో ఈ వాదన గట్టిగా వినిపిస్తుంది. అడగదగ్గ ప్రశ్నే. కానీ పాత ఆటల రీసెట్ ఊరికే వచ్చేది కాదు. రీసెట్ నొక్కితే ఆఖరుసారి సేవ్ చేసిన చోటికి పోతావు. ఆ తర్వాత గంటసేపు సంపాదించిందంతా వదులుకోవాలి. అంటే నొక్కేముందు లెక్క వేసుకోవాలి. పోగొట్టుకున్నదెంత, పోబోయేదెంత? ఇది మన షాపు సేట్లు వేసుకునే లెక్కే.

ఈ లెక్క ఎంతదాకా పోతుందో పోకెమాన్ ఆడే పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. పాత పోకెమాన్ ఆటల్లో మామూలు రంగు కాకుండా వేరే రంగుతో మెరిసే పోకెమాన్ దొరికే అవకాశం 8192లో ఒకటి. 2013 తర్వాతి ఆటల్లో దాన్ని 4096లో ఒకటి చేశారు. పిల్లలేం చేస్తారంటే, ఆ జీవి ఎదురయ్యే ముందు సేవ్ చేసుకుంటారు. ఎదురయ్యాక మెరవకపోతే నాలుగు బటన్లు నొక్కి రీసెట్. మళ్లీ, మళ్లీ, మళ్లీ. రోజుకి వంద సార్లు చేసినా 8192 సార్లు పూర్తవ్వడానికి 82 రోజులు పడుతుంది. అన్నిసార్లు చేశాక కూడా దొరికి ఉండే అవకాశం వందకి 63 మాత్రమే. ఐఐటీ కోచింగ్‌లో సంభావ్యత చదివినవాళ్లు కాగితం తీసి చూసుకోండి. మెరవనిది తొమ్మిది వందల సార్లు చూసి, విసుక్కోకుండా మళ్లీ నొక్కే పిల్లాడికి ఓపిక లేదని మాత్రం అనకండి. అయితే ఇందులో పడి హోంవర్క్ మానేసే పిల్లలూ ఉన్నారు, కాదనం. హోంవర్క్‌కి వేళ పెట్టుకోవాల్సిందే. దానికి విరుగుడు వైరు కాదంటున్నాం, అంతే.

మన చిన్నప్పటి సంగతి కూడా కాస్త గుర్తు చేసుకుందాం. తొంభైల్లో హైదరాబాదులోనూ విజయవాడలోనూ వీధి చివర వీడియో గేమ్ షాపులుండేవి. గంటకి ఇంతని తీసుకునేవాళ్లు. టైమైపోతే ఓనరు వెనకనుంచి వచ్చి రీసెట్ నొక్కేవాడు. కాంట్రాలో ఆఖరి స్టేజీలో ఉన్నా సరే, దయాదాక్షిణ్యాలుండేవి కావు. ఇంట్లో ఉన్నవాళ్లకి సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో చుట్టాలు తెచ్చిన టీవీ గేమ్. అందులో పెట్టే క్యాసెట్ మీద 9999 గేములు అని రాసి ఉండేది, తిప్పి తిప్పి చూస్తే ఇరవై కూడా తేలేవి కావు. ఒక ఆట నుంచి ఇంకో ఆటకి పోవాలంటే మెషిన్ మీదున్న రీసెట్ నొక్కాలి, అప్పుడు లిస్టు వచ్చేది. కాంట్రాలో ముప్పై ప్రాణాల కోసం నొక్కే పైకి పైకి కిందకి కిందకి మంత్రం మనకి ఎక్కాల కన్నా బాగా వచ్చేది. ఆ పెట్టెల మీద రీసెట్ ఎప్పుడూ దూరంగానే ఉండేది, మన చేతిలో కాదు. ఆటని మొదటికి తేవడం షాపు ఓనరు అధికారం, లేకపోతే నాన్న అధికారం. ఆ పద్ధతే మనం విమానం ఎక్కించి ఇక్కడికి తెచ్చుకున్నాం అనిపిస్తుంది.

నాలుగు బటన్ల పద్ధతిలో ఆ అధికారం ఆడేవాడి చేతిలో ఉంటుంది. మాకు నచ్చింది అదే. ఆటని తనే ముగించిన పిల్లాడు లేచి అన్నానికి వస్తాడు. ఆట లాక్కోబడిన పిల్లాడు రాడు.

గల్ఫ్‌లో ఉన్న మన సోదరులకి ఈ మాట ఇంకా బాగా తగుల్తుంది. కువైట్‌లోనో దోహాలోనో ఉన్న తండ్రికి జగిత్యాలలో, రాజంపేటలో ఉన్న కొడుకు ఆట ఆపించాలంటే వైరు అందదు. ఫోన్ ఒక్కటే దిక్కు. కిందటిసారి సెలవుకి వెళ్లినప్పుడు కొనిచ్చిన పెట్టె కాబట్టి గట్టిగా తిట్టడానికీ మనసొప్పదు. అప్పుడు "ఆపుతావా లేదా" అనడం కన్నా, "ఎక్కడిదాకా వచ్చావురా? సేవ్ చేసుకో. అయిందా? ఇప్పుడు నాలుగూ నొక్కు" అంటే పని జరుగుతుంది. పైగా పిల్లాడు ఎక్కడిదాకా వచ్చాడో తండ్రికి తెలుస్తుంది. దూరంలో ఉన్నవాడికి అదీ తక్కువేం కాదు.

మేం చెప్పేదానికి హద్దులున్నాయి, అవీ చెప్పాలి. సాఫ్ట్ రీసెట్ పెట్టెని ఆపదు, ఆటని టైటిల్ దగ్గరికి తెస్తుంది అంతే. అక్కడినుంచి ఆపడమా, మళ్లీ మొదలెట్టడమా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. సేవ్ అవుతుండగా రీసెట్ నొక్కినా వైరు పీకినంత ప్రమాదమే. ఇప్పటి కొత్త మెషిన్లలో ఆన్‌లైన్ ఆటలకి ఈ పద్ధతి పనికిరాదు. అవతల నలుగురు ఆడుతుంటే మధ్యలో ఆపడం అనేదే ఉండదు, అందుకే ఆ ఇళ్లలో గొడవ ఇంకా ఎక్కువ. చిన్నపిల్లలున్న ఇంటికి పాత మెషినే మేలని మేం అనేది అందుకే. కార్డు నంబరు అడగదు, ముక్కూ మొహం తెలియనివాడు మాట కలపడు, ఆట ఎక్కడైనా ఆగుతుంది. 2016లో నింటెండో వాళ్లు తమ పాత మెషిన్‌ని చిన్నది చేసి ముప్పై ఆటలు లోపలే పెట్టి అమ్మారు. దానికి కంట్రోలర్ మీద రీసెట్ లేదు, లేచి వెళ్లి పెట్టె మీదున్న బటన్ నొక్కాలి. కంట్రోలర్ వైరు కూడా రెండున్నర అడుగులే. కొన్నవాళ్లంతా తిట్టుకున్నారు గానీ, పిల్లలు గంటకోసారైనా లేస్తున్నారని మా పక్కింటి బామ్మగారికి అది తెగ నచ్చింది.

ఇంకొక్క ముక్క. గుడ్‌విల్‌లోనో గ్యారేజ్ సేల్‌లోనో పాత గేమ్‌బాయ్, సూపర్ నింటెండో కాట్రిడ్జ్‌లు కొనేవాళ్లు ఇంటికి తెచ్చిన రోజే పిల్లాడి చేతికిచ్చేయకండి. వాటిలో సేవ్‌ని కాపాడే నాణెం బ్యాటరీలు ఇరవై, ముప్పై ఏళ్ల నాటివి. కాసేపు ఆడి, సేవ్ చేసి, పవర్ ఆపి, మర్నాడు పెట్టి చూడండి. సేవ్ ఉంటే బ్యాటరీ ఇంకా బతికే ఉంది. లేకపోతే కొత్తది టంకం పెట్టి మార్చాలి. మార్చేటప్పుడు లోపల ఉన్న పాత సేవ్ పోతుంది కాబట్టి ఆ పని ఆట మొదలెట్టకముందే చేసుకోవాలి. మా ఊళ్లో టంకం పెట్టడం వచ్చినవాళ్లకి కరువు లేదు, వీధికిద్దరు దొరుకుతారు. జులైలోనే బళ్లు తెరిచేస్తారు కాబట్టి అంతకుముందే అడగండి.